అటకెక్కించే ముందు

ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఇల్లు కొన్న మొదటి వారంలోనే నిచ్చెన వేసుకుని, మెట్ల పైన కప్పులో ఉన్న చదరపు మూత పక్కకి జరిపి, తల లోపలికి పెట్టి చూశాను. ఫోను లైటు ఎంత దూరం పడితే అంత దూరం ఖాళీ. కింద మూడు బెడ్‌రూములు కలిపితే ఎంతో, పైన అంత జాగా. మనసులో అప్పుడే సర్దేశాను: ఇటు పెద్ద సూట్‌కేసులు ఆరు, అటు బొమ్మల కొలువు పెట్టెలు, ఆ మూల పిల్లల చిన్నప్పటి సైకిళ్లు. ఇంకో నాలుగు చెక్క పలకలు పరిస్తే చాలు కదా అనుకున్నాను. ఇక్కడ ఇల్లు కొన్న మనవాళ్లు ఎవరిని కదిపినా ఇదే మాట. "ఏముంది బావా, ఒక శనివారం పని!"

ఆ శనివారం పని మా ఇంట్లో మూడు నెలలు పట్టింది. మా బద్ధకం వల్ల కొంత, ఆ జాగా మనం అనుకునే అటక కాకపోవడం వల్ల మరికొంత.

మన ఊళ్లలో అటక అంటే వంటింట్లో లింటెల్ ఎత్తున పోసిన కాంక్రీటు పలక. దాని మీద ఇత్తడి గంగాళాలు, ఏడాదికోసారి దింపే పిండివంటల మూకుళ్లు, పనికిరాని మిక్సీలు ఎన్ని పెట్టినా కదలదు. పాత పెంకుటిళ్లలో కూడా అటకని సామాను పెట్టుకోడానికే కట్టేవాళ్లు. బ్రిటన్ ఇంటి లాఫ్ట్, అంటే సీలింగుకీ వాలు కప్పుకీ మధ్య ఉండే ఈ జాగా, అలా కట్టింది కాదు. నేల అని మనం అనుకునేది నిజానికి కింది గది సీలింగు వీపు. 12 మిల్లీమీటర్ల చిల్లర మందం ఉన్న జిప్సం అట్ట, అంటే ప్లాస్టర్‌బోర్డు, దాన్ని పట్టి ఉంచే సన్నటి కర్రలు, ఆ కర్రల మధ్య పరిచిన గాజు ఉన్ని, ఆ ఉన్నిలో ఎటంటే అటు పోయే వైర్లు. అంతే. రెండు కర్రల మధ్య పొరపాటున కాలు పెడితే ఆ కాలు తిన్నగా బెడ్‌రూములో తేలుతుంది. ఇది జోకు కాదు. ఈ దేశంలో సీలింగు రిపేర్లు చేసేవాళ్లకి ఇది మామూలు పని.

చిక్కంతా ఒక చిన్న తేడాలో ఉంది. కర్రల ఎత్తు సుమారు 100 మిల్లీమీటర్లు. చలి ఆపడానికి ఇప్పుడు సిఫారసు చేసే ఉన్ని మందం 270 మిల్లీమీటర్లు. పలకలేమో కర్రల మీద కూర్చోవాలి. మధ్యలో మిగిలిన ఆ 170 మిల్లీమీటర్లని ఏం చేయాలన్నదే మొత్తం సమస్య. ఉన్నిని అణిచేస్తే వెచ్చదనం పోతుంది. పలకల్ని పైకి లేపితే ఉన్ని నిండుగా ఉంటుంది గానీ దాని అడుగున వైర్లు కూరుకుపోతాయి. వైర్లని కాపాడదామని ఉన్ని తీసేస్తే మళ్లీ చలి. వీటన్నిటి కింద, అసలు ఆ కర్రలు ఎంత మోస్తాయన్న ప్రశ్న ఎలాగూ ఉంది.

ముందు వాసాలు లెక్కపెట్టాలి

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు. ఉన్నింటి వాసాలు మాత్రం తప్పకుండా లెక్కపెట్టాలి. లాఫ్ట్‌లో తల పెట్టగానే చూడాల్సింది ఖాళీ జాగాని కాదు, కర్రలు ఏ ఆకారంలో ఉన్నాయో.

లోపల కర్రలు అడ్డదిడ్డంగా, పక్కనుంచి చూస్తే ఇంగ్లిషు డబ్ల్యూ అక్షరంలా కనిపిస్తే, అవి కలిసే చోట పళ్లున్న ఇనుప రేకులు దిగగొట్టి ఉంటే, అది ట్రస్ కప్పు. 1960ల మధ్య నుంచి కట్టిన ఇళ్లలో ఎక్కువగా ఇదే. ఫ్యాక్టరీలో తయారుచేసి లారీలో తెచ్చి, గోడల మీద సాధారణంగా 600 మిల్లీమీటర్లకి ఒకటి చొప్పున నిలబెడతారు. కర్ర మందం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది, 35 మిల్లీమీటర్లు మాత్రమే. అంత సన్నటి కర్రలు అంత కప్పుని మోయడానికి కారణం ఆ త్రికోణాల అమరిక. ఒక్క కర్ర కోసినా, గాడి చెక్కినా లెక్క మొత్తం తప్పుతుంది. "ఈ అడ్డకర్ర ఒక్కటి తీసేస్తే పెట్టె పడుతుంది" అనే ఆలోచన వస్తే నిచ్చెన దిగి టీ తాగండి.

అంతకంటే పాత ఇళ్లలో, ముఖ్యంగా 1930ల నాటి ఇళ్లలో, కప్పుని అక్కడికక్కడే కోసి కట్టేవాళ్లు. మధ్యలో అడ్డకర్రలు తక్కువ, జాగా విశాలం. అడుగు కర్రలు నాలుగంగుళాల ఎత్తు, రెండంగుళాల మందం ఉండి, దగ్గర దగ్గరగా, 400 మిల్లీమీటర్లకి ఒకటి ఉంటాయి. ఇవి చూడ్డానికి బలంగా అనిపిస్తాయి. కానీ వాటి అసలు పని సీలింగుని పట్టుకోవడం, వాలు కప్పు రెండు వైపులా విడిపోకుండా కట్టి ఉంచడం. గోడకీ గోడకీ మధ్య దూరం ఎక్కువైతే ఆ నాలుగంగుళాల కర్ర నడుం వంచేస్తుంది.

ఇక బరువు లెక్క. ట్రస్ కప్పు డిజైన్ చేసేటప్పుడు లాఫ్ట్‌లో సామాను కోసం వదిలేది చదరపు మీటరుకి సుమారు 25 కిలోలు. ఒక మనిషి ఎక్కి పనిచేసుకోవడానికి ఒక 90 కిలోలు విడిగా చూస్తారు. మనుషులు తిరిగే మామూలు గది నేలకి చదరపు మీటరుకి 150 కిలోలు తీసుకుంటారు. అంటే లాఫ్ట్ బలం గది బలంలో ఆరో వంతు.

25 కిలోలంటే ఎంత? విమానంలో ఇచ్చే 23 కిలోల చెక్‌ఇన్ సూట్‌కేసు ఒక్కటి. నిండుగా సర్ది పడుకోబెడితే అది చదరపు మీటరులో సగం కూడా ఆక్రమించదు, పక్కన ఇంకోటి పడుతుంది, మనం పెడతాం. పుస్తకాల అట్టపెట్టె అయితే మరీ ఘోరం. ముప్పై కిలోలు ఒక చిన్న పీటంత జాగాలో కూర్చుంటాయి.

నాకు ఆలస్యంగా వెలిగిన విషయం ఇంకోటుంది. పలకలకీ బరువుంటుంది. ఇక్కడ లాఫ్ట్ కోసమని అమ్మే, చెక్క పొట్టు అతికించి నొక్కి చేసిన చిప్‌బోర్డు పలకలు 1220 మిల్లీమీటర్ల పొడవు, 320 వెడల్పు, 18 మందం. మూత లోంచి పైకి పట్టాలని అలా సన్నగా చేస్తారు. పొడవు 1220 ఎందుకంటే, కర్రలు 400కి ఒకటి ఉన్నా 600కి ఒకటి ఉన్నా పలక కొసలు కర్ర మీదే ఆగుతాయి. ఈ పలకలు చదరపు మీటరుకి సుమారు 12 కిలోలు తూగుతాయి. కాబట్టి 25లో సగం పలకలకే పోయిందనుకుని మిగతాది లెక్కేసుకోవడం క్షేమం. పన్నెండు చదరపు మీటర్లు పరిచామంటే మొత్తం 300 కిలోలు, అందులో పలకలకి 144, సామానుకి మిగిలేవి 156. ఖాళీ సూట్‌కేసులు, దీపావళి లైట్ల సెట్లు, టెంటు, చలికోట్లు, పిల్లల బొమ్మలు పెట్టుకోవడానికి ఇది బోలెడు. ఇత్తడి సామానుకీ, ఇంటర్మీడియెట్ నాటి నుంచి దాచుకున్న పుస్తకాలకీ చాలదు.

బరువైనవి ఏవైనా తప్పనిసరిగా పెట్టాల్సి వస్తే ఒకే చోట పేర్చకుండా పరచాలి. పాత ఇంట్లో అయితే కింద గట్టి గోడ ఉన్న వరస మీద పెట్టడం మేలు. అయితే కింద కనిపించే ప్రతి గోడా గట్టి గోడ కాదు. బెడ్‌రూముల మధ్య తడితే డొల్లగా మోగేవి ఉత్త అడ్డుగోడలు. కర్రల మీద అనుమానం ఉంటే స్ట్రక్చరల్ ఇంజనీరుని ఒక్కసారి పిలిపించుకోవడం దండగ ఖర్చు కాదు. నేలగా పలకలు పరచడానికి బిల్డింగ్ రెగ్యులేషన్స్ కింద దరఖాస్తు అవసరం పడే సందర్భాలూ ఉంటాయి, స్థానిక కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్ వాళ్లకి ఒక ఫోను చేస్తే తేలిపోతుంది. కొత్త ఇల్లయితే బిల్డరు ఇచ్చిన పుస్తకంలో లాఫ్ట్ గురించి ఏం రాశాడో ముందు చదవాలి. పలకలు వేస్తే వారంటీ చెల్లదని రాసి ఉండొచ్చు. పై అంతస్తు ఫ్లాటు దీర్ఘకాలపు లీజు మీద, అంటే లీజ్‌హోల్డ్‌లో కొన్నవాళ్లయితే ఇంకో మెలిక: మూత మీ ఇంట్లోనే ఉన్నా, ఆ పైన జాగా మీది కాకపోవచ్చు. లీజు కాగితాల్లో లాఫ్ట్ మీకు రాసి ఉందో లేదో చూడండి.

అణిగిన పరుపు

మా లాఫ్ట్‌లో మధ్య భాగం అప్పటికే ఎవరో పరిచేసి ఉంచారు. అమ్మినాయన గొప్పగా చెప్పాడు కూడా. జనవరిలో ఒక రాత్రి పెద్ద బెడ్‌రూములో చలి తగ్గక, హీటింగ్ ఆగక, చూస్తే కప్పు మూలన బూడిదరంగు మచ్చ. పైకెక్కి ఒక పలక విప్పాను. విప్పడం కూడా కాదు, మేకులు కొట్టి ఉన్నాయి కాబట్టి పెకలించాను. పలక అడుగు తడిగా ఉంది. అరచేత్తో రాస్తే రంపపు పొడి తడిసి ముద్దయినట్టు ఊడొచ్చింది. దాని కింద ఉన్ని పాత తలగడలా పలచగా అణిగి, పైన నల్లటి దుమ్ము పట్టి ఉంది. పక్కనే పలకలు లేని చోట అదే ఉన్ని మోచేతి లోతున పొంగి ఉంది.

గాజు ఉన్ని చలి ఆపేది గాజుతో కాదు, దాని పోగుల మధ్య చిక్కుకున్న గాలితో. దూది పరుపు వాడినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. కొన్నేళ్లు పడుకుంటే పరుపు గట్టిపడి అట్టలా అయిపోయేది. దూది ఏకేవాడు వీధిలోకి వచ్చినప్పుడు విప్పి ఏకిస్తే మళ్లీ రెట్టింపు ఎత్తు లేచేది. దూది అంతే, గాలి తిరిగొచ్చింది. లాఫ్ట్ ఉన్నికి ఆ ఏకేవాడు లేడు. 270 మిల్లీమీటర్ల ఉన్నిని పలకతో 100కి అణిస్తే దాని సత్తాలో సగానికి పైగా పోతుంది. ఇన్సులేషనే లేని ఇంట్లో వేడి నాలుగో వంతు కప్పు గుండా పోతుందని లెక్క. డబ్బు పెట్టి ఆ వేడిని ఆపి, మళ్లీ డబ్బు పెట్టి పలకలు కొని ఆ పనిని సగం చెడగొట్టుకోవడం అన్నమాట.

మరి తడి ఎక్కడిది? మన వంటింటిది. కుక్కరు విజిళ్లు, పులుసు ఆవిర్లు, చలికాలం ఇంట్లోనే ఆరేసే బట్టలు. వెచ్చటి తేమగాలి పైకెక్కి, మూత సందుల్లోంచి, లైట్ల కన్నాల్లోంచి లాఫ్ట్‌లోకి దూరుతుంది. చల్లటి పలక అడుగున తగలగానే నీరవుతుంది, బయట పెట్టిన చల్లనీళ్ల చెంబు చెమర్చినట్టే. చిప్‌బోర్డుకి నీళ్లు పడవు, ఉబ్బి పొరలు విడిపోతుంది. అందుకే పలకల్ని పైకి లేపినప్పుడు కూడా ఉన్ని పైభాగానికీ పలక అడుగుకీ మధ్య ఒక 50 మిల్లీమీటర్లు గాలి ఆడనివ్వాలి.

పలకల్ని లేపే పద్ధతులు రెండు మూడున్నాయి. అన్నిటికంటే ఎక్కువగా దొరికేవి ప్లాస్టిక్ కాళ్లు. కర్ర మీద స్క్రూలతో బిగించి, వాటి నెత్తిన పలక కూర్చోబెడతారు. వీటిలో బాగా వాడుకలో ఉన్న రకం ఎత్తు 175 మిల్లీమీటర్లు. కర్ర 97, కాలు 175, కలిపితే 272. ఉన్ని 270. గాలికి మిగిలింది రెండు మిల్లీమీటర్లు! డబ్బా మీద బొమ్మలో ఎంత అందంగా ఉన్నా లెక్క మాత్రం ఇది. ఉన్ని కాస్త తగ్గించుకోవాలి, లేదా ఎత్తు కాళ్లు కొనుక్కోవాలి. రెండో పద్ధతి లోహపు కాళ్లూ అడ్డకమ్మీలూ కలిపి చట్రంలా బిగించేది. ఖరీదు ఎక్కువే గానీ పక్కకి ఊగదు, బరువు ఒక కర్ర మీద కాకుండా నాలుగైదు కర్రల మీద పరుచుకుంటుంది. నా ఓటు దీనికే. మూడోది, కర్రలకి అడ్డంగా ఇంకో వరస కర్రలు బిగించి ఎత్తు తేవడం. పాత ఇళ్లలో వడ్రంగులు చేసేది ఇదే, బాగుంటుంది, కానీ ఆ కర్రల బరువు కూడా ఆ 25 కిలోల ఖాతాలోనే రాసుకోవాలి. ఏ పద్ధతైనా కాళ్ల మధ్య దూరం తయారీదారు చెప్పినంతే ఉంచాలి. నాలుగు కాళ్లు మిగిల్చినందువల్ల మిగిలే డబ్బు ఒక పిజ్జాకి కూడా రాదు.

ఉన్ని పరిచేటప్పుడు కప్పు అంచుల దాకా కుక్కెయ్యకూడదు. చూరు దగ్గర సన్నటి సందుల్లోంచి బయటి గాలి లోపలికి వచ్చి అటునుంచి ఇటు తిరగాలి. ఆ గాలే లాఫ్ట్‌లో తేమని మోసుకుపోయేది. చలి వస్తోందని ఆ సందులు మూసేస్తే మరుసటి చలికాలానికి వాసాలకి బూజు. నీళ్ల ట్యాంకు పైన ఉన్న ఇల్లయితే దాని చుట్టూ, మీదా ఉన్ని కప్పాలి గానీ అడుగున పరచకూడదు. కింది గది నుంచి ఎక్కే ఆ కాస్త వెచ్చదనమే నీళ్లు గడ్డకట్టకుండా కాపాడుతుంది. బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఫ్యాను గొట్టం ఇంటి బయటికి పోతోందో, లాఫ్ట్‌లోనే నోరు తెరుచుకుని ఉందో కూడా ఈ పనిలో చూసుకోండి. మా ఇంట్లో రెండోదే!

వైర్ల సంగతి

చాలామంది ఇక్కడే తేలిగ్గా తీసుకుంటారు. నేనూ తీసుకున్నాను. వైరు మీద దుప్పటి కప్పితే ఏమవుతుంది? వైరులో కరెంటు పోతుంటే అది వేడెక్కుతుంది, గాలి ఆడితే ఆ వేడి పోతుంది. మనం చలి ఆగాలని కొన్న ఉన్ని వైరు వేడిని కూడా అంతే బాగా ఆపుతుంది. ఈ ఇళ్లలో వాడే మామూలు బల్లపరుపు కేబుల్ లోపలి రాగి తీగ 70 డిగ్రీల దాకా తట్టుకునేలా చేసింది. రోజూ అది దాటితే ప్లాస్టిక్ తొడుగు కొన్నేళ్లలో గట్టిపడి పెళుసెక్కి పగులుతుంది.

ఎంత తేడా వస్తుందో బ్రిటన్ వైరింగ్ ప్రమాణం బీఎస్ 7671 పట్టికల్లో స్పష్టంగా ఉంటుంది. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల కేబుల్, అంటే ప్లగ్గులకి వాడేది, గోడకి బయటే క్లిప్పులతో బిగిస్తే 27 ఆంపియర్లు మోస్తుంది. అదే కేబుల్ ప్లాస్టర్‌బోర్డు సీలింగు మీద పడుకుని, పైన 100 మిల్లీమీటర్ల వరకు ఉన్ని ఉంటే 21. ఉన్ని 100 దాటితే 17. ఈ దేశంలో ప్లగ్గుల సర్క్యూట్ చాలావరకు ఇంటి చుట్టూ తిరిగొచ్చే రింగు, దానికి 32 ఆంపియర్ల బ్రేకరు. ఆ రింగులో ఏ ముక్కైనా కనీసం 20 మోయగలగాలి. 17 చాలదని లెక్కే చెబుతోంది.

అయితే భయపడే ముందు మీ లాఫ్ట్‌లో ఏ వైర్లున్నాయో చూడాలి. ఎక్కువ ఇళ్లలో అక్కడ ఉండేవి లైట్ల వైర్లు. వాటికి 6 ఆంపియర్ల బ్రేకరు, ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల కేబుల్ ఉన్నిలో పూర్తిగా మునిగినా 13 మోస్తుంది. కాబట్టి వాటితో పేచీ లేదు. పేచీ అంతా నీళ్లని అప్పటికప్పుడు కరెంటుతో వేడిచేసే షవరుది.

తొమ్మిదిన్నర కిలోవాట్ల షవరు 230 వోల్టుల మీద సుమారు 41 ఆంపియర్లు లాగుతుంది. దానికి సాధారణంగా 10 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వేస్తారు. బయట క్లిప్పుల మీద అయితే 64 మోసే కేబుల్ అది, ఎవరికీ అనుమానం రాదు. 100 లోపు ఉన్ని కింద 45, అప్పటికీ ఫర్వాలేదు. పదేళ్ల కిందట ఎలక్ట్రీషియన్ సరిగ్గానే వేసి పోయాడు. తర్వాత ఎవరో వచ్చి ఉన్నిని 270 చేశారు. ఇప్పుడు అదే కేబుల్ మోయగలిగింది 36. ఎవరూ తప్పు చేయలేదు, కానీ తప్పు జరిగిపోయింది. పది నిమిషాల స్నానమే కదా అంటారు. నలుగురున్న ఇంట్లో సోమవారం పొద్దున ఒకరి వెనక ఒకరు స్నానాలకి పోతే అది ముప్పావు గంట.

విరుగుడు కష్టమేమీ కాదు. లావు కేబుల్ని ఉన్ని పైకి తీసి, కర్ర పక్కనో చట్రం పక్కనో గాలి ఆడేలా క్లిప్పులతో బిగించాలి. కేబుల్‌లో వదులుంటేనే ఇది కుదురుతుంది. లాగి సాగదీస్తే అవతలి కొసన, స్విచ్ దగ్గర, కనెక్షన్ ఊడుతుంది. వదులు లేకపోతే ఎలక్ట్రీషియన్ పని. ఇంగ్లండ్‌లో కొత్త సర్క్యూట్ వేయడం ఇళ్ల కరెంటు పనుల భద్రతకి పెట్టిన పార్ట్ పి నిబంధన కిందికి వస్తుంది కాబట్టి రిజిస్టర్ అయిన మనిషిని పిలవడం మేలు. పలకలు పరచక ముందు పిలిస్తే గంట పని, పరిచాక పిలిస్తే ఒకరోజు పని.

పలకల కింద ఉండకూడనిది ఇంకోటి, పాతకాలపు గుండ్రటి జంక్షన్ బాక్స్. స్క్రూలతో వైర్లు బిగించే రకం బాక్సులు ఎప్పుడంటే అప్పుడు తెరిచి చూసేలా అందుబాటులో ఉండాలని నియమం. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి ఆ స్క్రూలు మెల్లగా వదులవుతాయి. వదులైన చోట నిప్పురవ్వ పుట్టేది అక్కడే, పక్కన ఏళ్ల తరబడి ఎండిన చెక్క పొట్టు. మెయింటెనెన్స్ అక్కర్లేదని ప్రత్యేకంగా తయారుచేసిన స్ప్రింగు కనెక్షన్ల బాక్సులకి మాత్రం ఈ నియమం నుంచి మినహాయింపు ఉంది. నేను పెకలించిన రెండో పలక కింద రెండు పాత బాక్సులు బయటపడ్డాయి, ఒకదానికి మూత లేదు. మూడో పలక కింద ఇంకా మంచి బహుమతి: కర్రని ఆనుకుని పోతున్న కేబుల్ తొడుగు మీద మేకు గీసుకుపోయిన తెల్లటి గీత. అర సెంటీమీటరు ఇటు దిగి ఉంటే మేకు తిన్నగా తీగలోకే. ఆ మేకు కొట్టినాయన ఎవరో గానీ అదృష్టవంతుడు, అతని తర్వాత ఆ ఇంట్లో పడుకున్న మేం ఇంకా అదృష్టవంతులం.

కాబట్టి మేకులు వద్దు, స్క్రూలే. పలక ఎప్పుడైనా విప్పి చూడగలగాలి. కర్ర మీద నుంచి అడ్డంగా పోయే కేబుల్ మీద పలక పెట్టి నొక్కకూడదు. అక్కడ కర్రకి గాడి చెక్కి కేబుల్ దింపుదామన్న ఆలోచన పాత ఇంట్లో చెడ్డది, ట్రస్ ఇంట్లో మహా చెడ్డది. కాళ్లు పెట్టి లేపే పద్ధతిలో ఈ గొడవ దానంతటదే తీరిపోతుంది, కేబుల్ పలకకి అందదు.

థర్మోకోల్ షీట్లు కొందరు చవకని ఉన్నికి బదులు కర్రల మధ్య దూరుస్తారు. కేబుల్ పీవీసీ తొడుగు థర్మోకోల్‌ని తాకి ఉంటే, తొడుగుని మెత్తగా ఉంచే రసాయనం మెల్లగా థర్మోకోల్‌లోకి దిగిపోతుంది. కొన్నేళ్లకి తొడుగు బిరుసెక్కుతుంది. ఒకదానికొకటి తగలనివ్వకండి.

సీలింగులో గుచ్చిన చిన్న గుండ్రటి లైట్లున్న ఇళ్లలో వాటి వీపు లాఫ్ట్‌లో ఉంటుంది. పాత హాలోజన్ బల్బులైతే ఒక్కోటి 50 వాట్లు, ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. వాటి మీద నేరుగా ఉన్ని పరచడం అంటే నిప్పు మీద దుప్పటి కప్పడం. ఎల్‌ఈడీకి మార్చినా, ఉన్ని కప్పొచ్చని తయారీదారు రాసిన రకం అయితేనే కప్పాలి, లేకపోతే పైన టోపీలా బోర్లించే నిప్పు తట్టుకునే మూతలు దొరుకుతాయి, అవి వేసి చుట్టూ ఉన్ని పరచాలి. సోలార్ ప్యానెళ్ల ఇన్వర్టరు లాఫ్ట్‌లో ఉన్నవాళ్లు దాని ముందు సూట్‌కేసులు పేర్చకండి, దానికీ గాలి కావాలి.

పాత ఇల్లు కొన్నవాళ్లకి ఇంకో హెచ్చరిక. ఇక్కడ వైర్ల రంగులు 2006 ఏప్రిల్ నుంచి పూర్తిగా మారాయి. గోధుమ, నీలం రంగు తీగలు కనిపిస్తే కొత్త వైరింగ్, ఎరుపు, నలుపు అయితే పాతది. ఎరుపు నలుపు ఉన్నంత మాత్రాన ప్రమాదం కాదు. తొడుగు ప్లాస్టిక్ కాకుండా నల్లటి రబ్బరుదైతే మాత్రం ముట్టుకోకండి. 1960ల ముందు నాటి రబ్బరు కదిపితే చాలు పొడిపొడిగా రాలి తీగ బయటపడుతుంది. అలాంటి ఇంట్లో లాఫ్ట్ పని కన్నా ముందు ఇల్లంతా వైరింగ్ తనిఖీ.

ఎక్కేటప్పుడు

పని వరస ఇలా వస్తుంది: ముందు వైర్లు సరిచూసుకోవడం, ఆ తర్వాత సీలింగు కన్నాలు, మూత సందులు పూడ్చడం, అప్పుడు కర్రల మధ్య 100 మిల్లీమీటర్ల ఉన్ని, కాళ్లో చట్రమో బిగించడం, కర్రలకి అడ్డంగా మిగతా 170, చివరికి పలకలు. చాలామంది పలకలతో మొదలుపెడతారు, అందుకే మళ్లీ పెకలించాల్సి వస్తుంది. మొత్తం జాగా పరచక్కర్లేదు. మూత దగ్గర నుంచి మధ్యలో నిలబడగలిగినంత మేర చాలు. చూరు వైపు వంగి పాకాల్సిన చోట పెట్టిన సామాను మళ్లీ ఎవరూ తీయరు, అటకెక్కిందంటే ఎక్కిందే.

పైకి ఎక్కే ముందు తలకి కట్టుకునే లైటు, పూర్తి చేతుల చొక్కా, చేతి తొడుగులు, దుమ్ముకి ఎఫ్‌ఎఫ్‌పీ3 మాస్కు. గాజు ఉన్ని ఒంటికి తగిలితే సాయంత్రం దాకా దురదే, దురదగుండాకు రాసుకున్నట్టు. మోకాళ్ల కింద రెండు మూడు కర్రల మీద ఆనేలా ఒక వెడల్పాటి పలక వేసుకుని దాని మీదే పాకాలి. ఉన్ని స్థానంలో మెరిసే బంగారు గోధుమరంగు రేకుల్లాంటి గుళికలు కనిపిస్తే, లేదా పాత పైపుల చుట్టూ బూడిదరంగు పూత ఉంటే, కదపకుండా దిగిపోండి, వాటిలో ఊపిరితిత్తులని పాడుచేసే ఆస్‌బెస్టాస్ నార ఉండొచ్చు. ఆస్‌బెస్టాస్ ఈ దేశంలో పూర్తిగా నిషేధమైంది 1999లో. అంతకు ముందు కట్టిన ఏ ఇంట్లోనైనా ఉండొచ్చు, పరీక్ష చేయించాకే పని. గబ్బిలాలు కాపురం ఉంటే మరీ ఇబ్బంది, 1981 నాటి వన్యప్రాణి చట్టం వాటిని కాపాడుతుంది. వాటిని కదిలించడం నేరం, ఆ గూడు దగ్గర పలకలు పరచే ముందు వన్యప్రాణి సంరక్షణ అధికారుల్ని అడిగి తీరాలి.

అంతా అయ్యాక ఏం పెట్టకూడదో కూడా చెప్పాలి. చలికాలం అక్కడ బయటంత చలి, ఎండాకాలం పెంకుల కింద కాల్చే వేడి. పట్టుచీరలు పెట్టకండి, ఆ తేమకి జరీ నల్లబడుతుంది. పెళ్లి ఆల్బములు, సర్టిఫికెట్లు, పెయింటు డబ్బాలు, క్యాంపింగ్ గ్యాస్ సిలిండర్లు ఇవేవీ అక్కడివి కావు. మా ఆవిడ కొలువు బొమ్మల్లో కొండపల్లివి పైకి ఒప్పుకుంది, మట్టి బొమ్మలు మాత్రం మెట్ల కింద అలమరలోనే ఉన్నాయి.

ప్రతి పలకనీ బిగించే ముందు దాని కింద ఏముందో ఫోనులో ఫోటో తీసుకున్నాను, ఒక టేపు పక్కన పెట్టి, కొలత కనిపించేలా. పలక మీద నల్ల మార్కరుతో రాశాను కూడా: "కింద జంక్షన్ బాక్స్, 4 స్క్రూలు", "షవరు వైరు ఇటు". మొన్న స్మోక్ అలారం మార్చడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ పైకెక్కి, కాసేపు నిశ్శబ్దంగా ఉండి, ఇదేమైనా మంత్రమా అని అడిగాడు. మర్నాడు ఎక్కి ప్రతి దాని కిందా ఇంగ్లిషులో కూడా రాసొచ్చాను.